గుంత తప్పకపోయినా కుదుపు తప్పించొచ్చు

పాత కారు ఒళ్లు హూనం చేస్తోందని కొత్త కారుకు అప్పు పెట్టే ముందు, ఒకసారి దాన్ని పైకి లేపించి కింద చూడండి. పుదుచ్చేరి శివారు అరియాంకుప్పంలో ఒక యానాం కుటుంబం కారు కింద కనిపించిన సంగతులతో ఈ వారం ముఖచిత్ర కథనం.

పుదుచ్చేరిలో నంబరు పలక చూసి కారుది ఏ ఊరో చెప్పేయొచ్చు. పీవై 01 అంటే పుదుచ్చేరి, 02 కారైక్కాల్, 03 మాహే, 04 యానాం. కడలూరు వెళ్లే రోడ్డు మీద మురుంగపాక్కం దాటి అరియాంకుప్పంలోకి వచ్చేసరికి బస్సులు, చేపల వ్యాన్లు, చున్నాంబార్ పడవల రేవుకు పోయే పర్యాటకుల కార్ల మధ్య అప్పుడప్పుడూ ఒక పీవై 04 తగులుతుంది. అందులో ఉన్నది మనవాళ్లే. సర్కారీ కొలువులో బదిలీ మీద వచ్చినవాళ్లు, జిప్‌మర్‌లో పెద్దవాళ్లకు వైద్యం చేయించడానికి వచ్చినవాళ్లు, పిల్లల చదువుకని వచ్చి ఉండిపోయినవాళ్లు.

యానాం గోదావరి పక్కన ఉంది. దాని రాజధాని ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల అవతల ఉంది. కొందరు విజయవాడ మీదుగా వస్తారు. కొందరు తీరం వెంట 216వ నంబరు జాతీయ రహదారిని పట్టుకుని అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం దాటి ఒంగోలు దగ్గర పదహారులో కలుస్తారు. ఆ పైన నెల్లూరు, చెన్నై, అక్కణ్నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు. పండక్కి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు డిక్కీ నిండా బియ్యం, పచ్చళ్లు, కొబ్బరికాయలు. వెనక సీట్లో అమ్మ, అత్తగారు, మధ్యలో పిల్లాడు. చెన్నై దాటేసరికి "నడుం పడిపోయిందిరా" అని ఒకరు, "కడుపులో తిప్పుతోంది" అని ఇంకొకరు. స్టీరింగ్ దగ్గరున్నవాడి దగ్గర సిద్ధంగా ఒక జవాబుంటుంది: "కారు పాతబడిపోయిందమ్మా, మార్చేయాలి."

ఏం పాతబడింది? ఇంజన్ బాగానే ఉంది. ఏసీ చల్లగానే ఉంది. అడిగి చూడండి, చెప్పలేరు. పాతబడింది చక్రాలకీ బాడీకీ మధ్యనున్న కొన్ని రబ్బరు ముక్కలు, నాలుగు గొట్టాలు, వాటిలోని నూనె. అవి ఒక్కరోజులో పాడవవు. రోజుకింత చొప్పున అరుగుతాయి కాబట్టి రోజూ నడిపేవాడికి తేడా తెలియదు. ఏడాది తర్వాత ఎక్కిన బంధువుకు మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే తెలిసిపోతుంది.

కుదుపుల్లో రకాలు

అన్ని కుదుపులూ ఒకటి కావు. మన కుటుంబ కార్లలో ఎక్కువవాటి బాడీ, స్ప్రింగుల మీద సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేలా తయారవుతుంది. మనిషి నడిచేటప్పుడు ఒళ్లు లేచిపడే వేగం కూడా దాదాపు అంతే కనుక ఆ ఊపును శరీరం భరిస్తుంది. కూర్చున్న మనిషిని నిజంగా బాధపెట్టేవి సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చే నిలువు అదురులు. వెన్ను, పొట్ట ఆ వేగానికి ఎక్కువగా స్పందిస్తాయి.

ఇప్పుడొక చిన్న లెక్క. సిమెంటు రోడ్లలో పలకల అతుకులు సాధారణంగా నాలుగున్నర మీటర్లకొకటి ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అంటే సెకనుకు దాదాపు ఐదు అతుకులు. సరిగ్గా ఒంటికి పడని లెక్కే అది! తారు రోడ్డు మీద హాయిగా పోయిన కారు సిమెంటు రోడ్డెక్కగానే విసిగించడానికి కారణం ఇదే. ఈ చిన్న అదురుల్ని ఆపాల్సింది టైర్లూ రబ్బరు బుష్‌లూ.

రెండోది ఇందుకు పూర్తిగా వేరు. అదే వేగంలో రోడ్డు మీద పద్దెనిమిది, ఇరవై మీటర్లకొక మెత్తని ఎత్తుపల్లం ఉందనుకోండి. అది కారు సహజంగా ఊగే వేగంతో కలిసిపోతుంది. కారు లేస్తూ దిగుతూ పోతుంది, ఆగదు. కడుపులో తిప్పేది ఇదే. దీన్ని ఆపాల్సింది షాక్ అబ్జార్బరు. షెడ్లలో అందరూ షాకప్ అంటారు, మనమూ అలాగే అందాం.

మూడోది గుంతలో దిగినప్పుడో, స్పీడ్ బ్రేకర్ మీద పడ్డప్పుడో దబ్‌మని వచ్చేది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అప్పుడు గంటకు పాతిక కిలోమీటర్ల వేగంలో మెత్తగా దాటొచ్చు. వీధి జనం తలో చెయ్యీ వేసి రాత్రికి రాత్రి పోసుకునే దిమ్మెలకు ఏ ప్రమాణం ఉంటుంది! ఎత్తు అంతే, వెడల్పు మాత్రం మూరెడు. చిన్న కార్లకు నేలకూ పొట్టకూ మధ్య ఖాళీయే 160, 170 మిల్లీమీటర్లు. ఐదుగురు ఎక్కితే అదీ తగ్గుతుంది.

స్ప్రింగ్ మోస్తుంది, షాకప్ ఆపుతుంది

చాలామంది పొరపడేది ఇక్కడే. కారు బరువు మోసేది స్ప్రింగు. గుంతలో చక్రం లేచినప్పుడు ఆ దెబ్బను నొక్కుడుగా తీసుకునేదీ అదే. కానీ స్ప్రింగుకు తీసుకున్నదాన్ని తిరిగిచ్చేయడమే తెలుసు. వదిలేస్తే పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపులోని శక్తిని లాగేసి వేడిగా మార్చేది షాకప్. గొట్టం నిండా నూనె, అందులో చిన్న చిన్న రంధ్రాలూ వాల్వులూ ఉన్న పిస్టన్. ఆఫీసు తలుపు వెనక బిగించే డోర్ క్లోజర్‌లో ఉన్న కిటుకే ఇది: నూనె సన్నని దారిలోంచి పోవాలి కాబట్టి తలుపు దబాలున పడదు. కారులో అయితే చక్రం పైకి లేచేటప్పుడు కాస్త సులువుగా వదిలి, కిందికి దిగేటప్పుడు గట్టిగా పట్టి ఉంచేలా ఆ వాల్వుల్ని అమరుస్తారు.

ఇదే షాకప్ మరో పని కూడా చేస్తుంది. ఎగిరిన చక్రాన్ని వెంటనే రోడ్డుకు అదిమి ఉంచుతుంది. చక్రం గాల్లో ఉన్నంతసేపూ బ్రేకు లేదు, స్టీరింగ్ లేదు. అందుకే అలిసిపోయిన షాకప్‌లున్న కారు గతుకుల మీద బ్రేకు వేస్తే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది, మలుపులో తోక జారుతుంది. ప్రయాణ సుఖానికీ రోడ్డు పట్టుకూ చుక్కెదురని కార్ల పత్రికలు రాస్తుంటాయి. పందెం కార్లకు, ఖరీదైన కార్లకు అది నిజమే. లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంటి కారులో మాత్రం రెండూ కలిసే పోతాయి, బాగుచేస్తే రెండూ కలిసే తిరిగొస్తాయి. ఈ కథనంలో మేం చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

పుదుచ్చేరిలో కూర్చుని ఈ విషయం రాస్తున్నప్పుడు ఫ్రెంచివాళ్లను తలచుకోకుండా ఎలా? కారు కుదుపు తగ్గించడమనే పిచ్చి వాళ్లకున్నంత ఇంకెవరికీ లేదు. సిట్రోయెన్ కంపెనీ అధిపతి పియర్ బూలాంజే తన ఇంజనీర్లకు పెట్టిన షరతు జగత్ప్రసిద్ధం: దున్నిన పొలంలో గుడ్ల బుట్టతో నడిపినా ఒక్క గుడ్డూ పగలకూడదు. ఆ కారు, 2సీవీ, 1948లో పారిస్ మోటార్ షోలో జనం ముందుకొచ్చింది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంల పాలన భారత్ చేతికి వచ్చింది. ఆ మరుసటి అక్టోబరులో అదే మోటార్ షోలో సిట్రోయెన్ డీఎస్ ప్రత్యక్షమైంది. దానికి ఉక్కు స్ప్రింగుల్లేవు. వాటి స్థానంలో గోళాల్లో బిగించిన వాయువు, ద్రవం. పాల్ మజేస్ అనే ఇంజనీరు బుర్రలో పుట్టిన ఏర్పాటది. 1962 ఆగస్టులో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ మీద పారిస్ శివార్లలో తూటాల వర్షం కురిసినప్పుడు, టైర్లు పేలిపోయినా డ్రైవరు డీఎస్‌ను అదుపు తప్పనివ్వకుండా తీసుకుపోగలిగాడు. ఈనాడు మంచి షాకప్‌లలో నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ వాయువును నింపుతున్నారే, ఆ వాయు షాకప్‌ల మొదటి రూపకర్తల్లో ఒకడైన బుర్సియే ద కార్బన్ కూడా ఫ్రెంచివాడే.

2021లో సిట్రోయెన్ మన దేశంలో తన మొదటి కారు సీ5 ఎయిర్‌క్రాస్ తెచ్చినప్పుడు అందులోని షాకప్‌ల కొసల్లో నూనెతో పనిచేసే మెత్తల్ని గురించి గొప్పగా చెప్పింది. చక్రం పూర్తిగా లేచి కొసకు తగిలే ఆ చివరి క్షణాన్ని మెత్తబరచడం వాటి పని. మన మామూలు కార్లలో అదే పనిని ఒక నురగ రబ్బరు ముక్క చేస్తుంది. పేరు బంప్ స్టాప్. ఖరీదు వందల్లోనే. దాని సంగతి కాసేపట్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

అరియాంకుప్పంలో లిఫ్టు మీద కారు

యానాం నుంచి వచ్చి అరియాంకుప్పంలో ఇల్లు అద్దెకు తీసుకున్న మిత్రుడిది పదేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాకప్పూ కలిసిన కట్టు), వెనక టార్షన్ బీమ్. స్విఫ్ట్, బాలెనో, ఐ20, టియాగో, ఏది తీసుకున్నా దాదాపు ఇదే అమరిక కాబట్టి ఒక కారు కథ చెబితే చాలా కార్లకు సరిపోతుంది. షెడ్డు మేస్త్రీ తమిళుడు. నెల్లూరులో కొన్నాళ్లు పనిచేశాడట, తెలుగు బాగానే అందుకున్నాడు.

"షాకప్‌లు ఎప్పుడు మార్చారు సార్?"

"మార్చలేదు మేస్త్రీ. కారితేనే కదా మార్చేది?"

"కారేదాకా ఆగితే ముందు టైర్లు పోతాయి సార్. చెయ్యి పెట్టి చూడండి."

ముందు ఎడమ టైరు మీద అరచేత్తో నిమిరితే ఎత్తుపల్లాలు తగిలాయి. టైరు సమంగా అరగలేదు, జానకొకచోట గిన్నెలా లోతుపడింది. చక్రం రోడ్డు మీద గెంతుతూ పోయిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కారును పైకి లేపాక స్ట్రట్ గొట్టం చూపించాడు.  పైనుంచి కిందిదాకా నల్లగా తడి, దాని మీద ఎర్రదుమ్ము అట్టకట్టి ఉంది. సన్నని చెమ్మ కనిపిస్తే కంగారు పడక్కర్లేదట. ఇలా కిందిదాకా జారి దుమ్ము పట్టిందంటే సీలు పోయినట్టే. పిస్టన్ రాడ్డు మీది ముడతల తొడుగును పైకి జరిపాడు. లోపల బంప్ స్టాప్ ఉండాల్సిన చోట పసుపుపచ్చని పొడి రాలింది. వేళ్ల మధ్య నలిపితే ఇసకలా విడిపోయింది. స్పీడ్ బ్రేకర్ల మీద దబ్‌మన్న చప్పుడు ఎక్కడిదో అప్పుడర్థమైంది. ఇనుముకు ఇనుము తగులుతోంది.

తర్వాత ఒక పొడవాటి ఇనుప రాడ్డు తీసుకుని లోయర్ ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య పెట్టి ఎత్తాడు. వెనక బుష్‌లోని రబ్బరు నెలవంకలా చీలి ఉంది. రాడ్డుతో నొక్కినప్పుడల్లా ఆ చీలిక నోరు తెరుస్తోంది. బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగడం దీనివల్లే. స్టెబిలైజర్ లింక్ రాడ్డును రెండు వేళ్లతో ఊపితే టక్‌టక్‌మంది. చిన్న గతుకుల మీద ముందు నుంచి గిలక్కాయ చప్పుడు వస్తోందంటే నూటికి తొంభైపాళ్లు ఇదే దోషి. పైగా ఇది అన్నిటికన్నా చవకైన మరమ్మతు. బాల్ జాయింట్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి. అవి వదులైతే సుఖం సంగతి పక్కన పెట్టండి, చక్రమే ఊడి వాలిపోవచ్చు.

మేస్త్రీ పనిలో ఒక్క విషయం చూసి ముచ్చటేసింది. లోయర్ ఆర్మ్ బోల్టుల్ని కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించలేదు. చేతిబిగువుగా ఉంచి, కారును చక్రాల మీద దించి, నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు కింద దూరి బిగించాడు. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు దిగగానే బుష్ రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. ఆ మెలికతోనే తిరిగి తిరిగి కొన్ని నెలల్లోనే చీలుతుంది. "కొత్త బుష్ వేశాం, ఆర్నెల్లకే పోయింది, నకిలీ సరుకు" అని తిట్టుకునేవాళ్లలో కొందరికి పోయింది సరుకు వల్ల కాదు. మీ షెడ్డులో ఈ ఒక్క పని ఎలా చేస్తారో అడగండి. మేస్త్రీ పనితనం తేలిపోతుంది.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

మొదటి మెట్టుకు పైసా ఖర్చులేదు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీదో తలుపు అంచునో టైర్ల గాలి ఎంతుండాలో రాసిన స్టిక్కరు ఉంటుంది. చిన్న కార్లకు సుమారుగా 30 నుంచి 33 పీఎస్ఐ. ఖాళీ బండికి ఒక లెక్క, నిండుగా ఎక్కితే వెనక చక్రాలకు మరో లెక్క ఇస్తారు. బంకులో అబ్బాయి అలవాటుగా 36, 38 కొట్టేస్తాడు. మైలేజీ వస్తుందని మనమూ ఊరుకుంటాం. సస్పెన్షన్‌లో మొదటి స్ప్రింగు టైరులోని గాలే. అది రాయిలా ఉంటే వెనకున్న ఖరీదైన సరంజామా అంతా ఏం చేస్తుంది? పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు స్టిక్కరులో ఉన్నంతే పెట్టించండి. సగం మందికి ఇక్కడితోనే కొంత తేడా తెలుస్తుంది.

టైరు వయసు కూడా చూడండి. పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాళ్లు లోతుగానే ఉన్నా ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడిపోతుంది. అది అదురుల్ని మింగలేదు, వానలో రోడ్డును పట్టలేదు. టైర్లు మార్చేటప్పుడు రిమ్ము పెంచి, పక్క గోడ సన్నగా ఉండే సైజుకు పోవాలని కుర్రాళ్లు సరదా పడతారు. చూడ్డానికి బావుంటుంది. గుంతలున్న రోడ్డుకు మాత్రం ఆ పక్క గోడే మెత్త. కంపెనీ అదే కారు వేరే వేరియంట్లకు ఇచ్చిన సైజుల్లోనే ఎంచుకోవడం మంచిది.

ఆ పైన లింక్ రాడ్లు, బుష్‌లు, స్ట్రట్ మౌంటింగులు. ఇవి వందల నుంచి మూడు నాలుగు వేలలోపు పనులు. స్టీరింగ్ తిప్పినప్పుడు కర్రుమనే చప్పుడుంటే స్ట్రట్ పైనున్న మౌంటింగో దాని బేరింగో చూడాలి. ఎలాగూ స్ట్రట్ విప్పితే మౌంటింగు, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు మూడూ కొత్తవి వేయించేయండి. ఇవాళ మూడొందలకు చూసుకుంటే ఆరు నెలలకు కూలీ రెండోసారి కట్టాలి.

అసలు ఖర్చు షాకప్‌లది. చిన్న కారుకు ఒక్కోటి రెండు మూడు వేల ప్రాంతంలో మొదలవుతుంది. కారు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. నాలుగూ ఒకేసారి మార్చగలిగితే మేలు. కుదరకపోతే ముందు జత, తర్వాత వెనక జత. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఎప్పుడూ వద్దు, మలుపుల్లో కారు ఒక్కో వైపు ఒక్కో తీరుగా ప్రవర్తిస్తుంది. కంపెనీ విడిభాగమో, గాబ్రియేల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్న సంస్థలు మీ మోడల్‌కు అచ్చంగా చేసినదో తీసుకోండి. అసలు కారుతో నూనె షాకప్ వచ్చి, అదే మోడల్‌కు వాయువు నింపినది దొరుకుతుంటే, ఇంటి కారుకు నేను ఒప్పుకునే 'అప్‌గ్రేడ్' అదొక్కటే. సుదీర్ఘ ప్రయాణంలో అది త్వరగా నీరసించదు. బిల్‌స్టీన్, కోని షాకప్‌ల గురించి వీడియోల్లో చూసి ముచ్చటపడేవాళ్లకు ఒక మాట. అవి గొప్పవే. పదేళ్ల హ్యాచ్‌బ్యాక్‌కు వేస్తే కారు విలువలో పెద్ద వాటా వాటికే పోతుంది.

స్ప్రింగులు సాధారణంగా చాలాకాలం ఉంటాయి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకూ టేపుతో రెండు వైపులా కొలవండి. ఒక పక్క కిందికి దిగి ఉంటేనో, కింది చుట్టు దగ్గర తుప్పు పొరలు లేచి ఉంటేనో మార్చాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే అరియాంకుప్పం, వీరాంపట్టినం, మనవైపు యానాం, మచిలీపట్నం కార్లకు ఇది మరీ ముఖ్యం. స్ప్రింగు ఎక్కువగా విరిగేది ఆ కింది చుట్టులోనే. వరదనీళ్లలో నిలిచిన కారైతే హబ్ బేరింగులు, రబ్బరు తొడుగులు కూడా చూపించాలి. 2024 నవంబరు ఆఖర్లో ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి మీద ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లు దాటి వాన కుమ్మరించింది. అలాంటి నీళ్లలో కార్లు రోజుల తరబడి నిలిచిపోతాయి. ఆ తుప్పు వెంటనే కనిపించదు, ఏడాది రెండేళ్లకు బయటపడుతుంది.

అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంటు, బ్యాలెన్సింగ్. ఇది చివర చేయాలి. ముందు చేయించి తర్వాత స్ట్రట్ విప్పితే కట్టిన డబ్బు వృథా. మన కార్లలో చాలావాటికి సర్దగలిగేది ముందు చక్రాల 'టో' ఒక్కటే. చక్రాలు లోపలికో బయటికో కొద్ది మిల్లీమీటర్లు తిరిగి ఉన్నా టైరు ప్రతి కిలోమీటరూ రోడ్డుకు రాసుకుంటూ పోతుంది. కంప్యూటరు తీసిన కాగితం అడిగి తీసుకోండి. పని ముందు అంకెలు, పని తర్వాత అంకెలు రెండూ ఉండాలి.

మిత్రుడి కారుకు షాకప్‌లు నాలుగు, మౌంటింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, కూలీ, అలైన్‌మెంటు కలిపి పాతిక వేల లోపే తేలింది. టైర్లు అందులో లేవు. గిన్నెలు పడ్డ టైరు ఎలాగూ మార్చాల్సిందే. ఊళ్లోని స్పీడ్ బ్రేకర్ మీద కారు అదివరకు రెండు మూడు ఊపులూగి ఆగేది. ఇప్పుడు ఒక్క ఊపుతో కుదురుకుంటోంది. బ్రేకు వేస్తే నేరుగా ఆగుతోంది. అది ఆ కారుకు షోరూంలో ఉన్న గుణమే, కొత్తగా వచ్చిందేమీ కాదు.

వీటి జోలికి పోవద్దు

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు ఊరూరా అమ్ముతున్నారు. కారు ఎత్తు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుందని ప్రచారం. ఎత్తు పెరిగేమాట నిజమే. కానీ అవి కొన్ని చుట్లను పనిచేయకుండా బిగించేస్తాయి. స్ప్రింగు గట్టిపడుతుంది, మిగిలిన చుట్ల మీద భారం పెరుగుతుంది, షాకప్ ఆ కొత్త గట్టిదనానికి తయారైంది కాదు కాబట్టి కారు ఎగిరెగిరి పడుతుంది. వెనక బాగా దిగిపోతోందంటే షాకప్‌లూ స్ప్రింగులూ చూపించుకోవాలి, డిక్కీలో బరువు తగ్గించాలి. తొమ్మిది వందల కిలోల కారులో ఐదుగురు మనుషులు, యాభై కిలోల సామాను అంటే దాదాపు నలభై శాతం అదనం. అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. ఏ రబ్బరు ముక్క ఆ లెక్కను మారుస్తుంది?

షాకప్ గొట్టానికి కన్నం పెట్టి నూనె పోసి వెల్డింగ్ చేసి 'రీకండిషన్' పేరుతో ఇచ్చేవీ ఉన్నాయి. లోపలి వాల్వులు అరిగినవి అలాగే ఉంటాయి, పోసిన నూనె ఏమిటో దేవుడికే తెలియాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టలు సాగదీసి మళ్లీ వంపు తెచ్చే పనివాళ్ల నైపుణ్యం నాకు తెలుసు, దానికి దణ్ణం పెడతాను. ఉక్కు పట్టీ వేరు, సీలు చేసిన షాకప్ వేరు.

కారును నేలకు దించే పొట్టి స్ప్రింగులు మన వీధుల స్పీడ్ బ్రేకర్లకు ఆత్మహత్యాసదృశం. పాలీయూరిథేన్ బుష్‌లు ఎక్కువ కాలం ఉంటాయి, స్టీరింగ్‌కు పదును వస్తుంది. కానీ రోడ్డు అదురంతా సీట్లోకి వస్తుంది కాబట్టి నడుం నొప్పి అత్తగారున్న ఇంటికి పనికిరావు. మందపాటి యాంటీ రోల్ బార్ మలుపుల్లో ఒరగడం తగ్గిస్తుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండోదాన్నీ లాగి తలకాయలు అటూ ఇటూ ఊపుతుంది.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పాత షాకప్ తీసి అదే కొలతల కొత్తది వేయడం మరమ్మతే, మార్పు కాదు. కారును ఎత్తేవి, దించేవి, కంపెనీ జాబితాలో లేని చక్రాలు బిగించేవి మాత్రం ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ చేతికి చిక్కే ఆయుధాలు.

సంక్రాంతి ప్రయాణానికి ఈ పని చేయించాలనుకునేవారు బయల్దేరే ముందురోజు షెడ్డుకు వెళ్లకండి. కనీసం రెండు వారాల ముందు చేయించి, నాలుగైదు వందల కిలోమీటర్లు ఊళ్లోనే తిప్పి, బోల్టుల బిగువు, అలైన్‌మెంటు మరోసారి చూపించుకోండి. విప్పిన పాత భాగాల్ని అడిగి ఇంటికి తెచ్చుకోండి. బిల్లు మీద విడిభాగం నంబరు రాయించుకోండి. ఇవన్నీ చేశాక కూడా కారు నచ్చకపోతే అప్పుడు కొత్తదాని షోరూముకు నిక్షేపంగా వెళ్లొచ్చు.